పదో తొట్టి ఎందుకు బతికింది

తన చేతులతో తనే, తెలియక, పాపకేదో చేసేస్తానని ఆమె భయం. అన్ని భయాల్లోకీ పెద్దది అదే. స్నానానికి తోడిన నీళ్లు మోచేత్తో ఒకసారి, మణికట్టుతో ఒకసారి, మళ్లీ మోచేత్తో ఒకసారి చూసుకునేది. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది. ఆ వేలు తగిలి పాప లేచి ఏడిస్తే, ఏడుస్తోంది కాబట్టి బాగానే ఉందని అప్పుడు కుదుటపడేది. వారాల తరబడి లారీ మీద తిరిగే భర్త ఫోన్లో, "పిల్లని పెంచుతున్నావా, కాపలా కాస్తున్నావా?" అని నవ్వేవాడు.

అలాంటి మనిషి మీద ఆ మంగళవారం పొద్దున నలభై వేల ప్రాణాలు తీసిందన్న నేరం వచ్చి పడింది.

ప్రాణాలంటే పురుగులవి. గోధుమగింజంత ఉండే ముక్కుపురుగులు. ఎవరో ఎప్పుడో పువ్వు అందంగా ఉందని పరాయి దేశం నుంచి తెచ్చి నీళ్లలో వదిలిన గుర్రపుడెక్క, ఇప్పుడు పెద్ద చెరువును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా కప్పేసింది. యంత్రాలతో ఎంత లాగినా మళ్లీ అల్లుకుంటుంటే, ఆ మొక్కను తప్ప ఇంకేదీ ముట్టని ఈ పురుగుల్ని పెంచి చెరువులో వదలడానికి ప్రభుత్వం ఒక కేంద్రం పెట్టి నిధులిచ్చింది. ఆ కేంద్రంలో ఒక వల పందిరి, దాని కింద పన్నెండు సిమెంటు తొట్లు, వాటిలో మొక్కలు, మొక్కల మీద పురుగులు. వాటిని చూసుకునేది ఆమె. అందరూ తొట్లమ్మాయి అనేవారు. రెండో విడత నిధులివ్వాలా వద్దా అని తేల్చే కమిటీ ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి వస్తోంది. పొద్దున ఏడింటికి ఆమె తలుపు తీసేసరికి, నీళ్ల మీద నువ్వులు చల్లినట్టు పురుగులు తేలుతున్నాయి.

"సంతకం పెట్టేయమ్మా. పదింపావయింది," అన్నాడు విజిలెన్సు సారు, టైపు చేసి తెచ్చిన కాగితం ఆమె ముందుకు జరుపుతూ.

ఎనిమిదో తరగతిలో బడి మానేసిన ఆమె చదువు వేలితోనే సాగుతుంది. వేలు ఒక్కో అక్షరం దాటుకుంటూ వెళ్లి ఒక పెద్ద మాట దగ్గర ఆగింది. "ఉద్దేశ... పూర్వకంగా. అంటే కావాలని చేశాననా సార్?"

"దాని అర్థం నాకొదిలెయ్. కలుపు లాగే యంత్రాల కాంట్రాక్టరు ఎంతిచ్చాడో చెప్తే కేసు తేలిగ్గా పోతుంది. పురుగులు పనిచేస్తే అతని యంత్రాలు మూలపడతాయని ఎవరికి తెలీదు?" జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్లమీద పెట్టాడు. అందులో సగం కాలిన దోమల కాయిల్. "ఇది మీ పందిట్లో దొరికింది. పురుగుల గదిలో పొగ. ఇంకేం కావాలి?"

బల్లకి అవతల కూర్చున్న సైంటిస్టు మేడమ్ ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉండటంతో తొట్లమ్మాయికి తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఎన్నింటికి వెలిగించావమ్మా?"

గుమ్మంలో ఒక పొట్టి మనిషి నిలబడి ఉన్నాడు. రెండు చేతులకీ రెండు గడియారాలు. ఒకటి ఆగిపోతే రెండోది సాక్ష్యం చెబుతుందట. మేడమ్ పిలిపించిన ప్రైవేటు డిటెక్టివ్ ఆయనే. ఎవర్ని కలిసినా మొదట అడిగేది 'ఎన్నింటికి' అనే కాబట్టి ఊరంతా గడియారం గారనే అంటుంది.

విజిలెన్సు సారు కుర్చీలో వెనక్కి వాలాడు. "మీ గడియారాల కొట్టు ఇక్కడ కూడా తెరిచారా?"

"మీరు తీర్పు ముందే టైపు చేయించారని విన్నాను. విచారణ నేను చేస్తే పని చెరిసగం పంచుకున్నట్టుంటుంది." ఆయన స్టూలు లాక్కుని తొట్లమ్మాయి ఎదురుగా కూర్చున్నాడు. "చెప్పమ్మా."

"సోమవారం పదకొండింటికి సార్. పాపని చూసే పెద్దమ్మకి నిన్న ఒంట్లో బాగోలేదు. సెలవు పెడితే జీతం పోతుంది. తీసుకొచ్చి తొట్టి పక్కన దుప్పటి పరిచి పడుకోబెట్టాను. దోమలు కుడుతున్నాయని వెలిగించాను. ఒంటిగంటకి పాప లేవగానే ఆర్పేశాను."

"సరిగ్గా ఒంటిగంటేనా?"

"తన బిడ్డ ఎన్నింటికి లేచిందో తల్లికి తెలీదా సార్?"

గడియారం గారు రెండు గడియారాల వైపూ చూసుకుని, వాటిని కాస్త తక్కువ చేసినట్టు మొహం పెట్టాడు. "తెలుస్తుంది. పద, ఆ దుప్పటి ఎక్కడ వేశావో చూపించు."

* * *

పందిరికి నాలుగు వైపులా ఆకుపచ్చ వల. లోపల రెండు వరుసల్లో ఆరేసి తొట్లు. పొద్దున తొట్లమ్మాయి మూడో తొట్టి దాకా చూసి, మేడమ్‌కి ఫోన్ చేయడానికి పరిగెత్తింది. ఆ తర్వాత వచ్చిన విజిలెన్సు సారు గుమ్మం పక్క చెత్తబుట్టలో కాయిల్ ఏరుకుని, లోపలికి ఒకసారి చూసి తలుపుకి సీలు వేశాడు. అప్పట్నుంచి లోపలికి ఎవరూ అడుగు పెట్టలేదు.

గడియారం గారు చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో తొట్టి ముందూ ఆగాడు. ఒకటి. రెండు. మూడు. ప్రతి తొట్టిలోనూ తేలుతున్న నల్లటి చుక్కలు. తొమ్మిదో తొట్టి దాటి పదో దాని ముందు ఆగి, వంగి, ఇంకా వంగి, ముక్కు నీళ్లకి తగిలేంత దగ్గరగా చూశాడు.

"ఇందులో ఒక్కటీ తేలడం లేదే."

"ఆకుల్లోనే చచ్చి ఉంటాయి," అన్నాడు వెనకాల నిలబడ్డ విజిలెన్సు సారు. "ఒక్కోటీ పాడె కట్టించుకుని బయటికొస్తాయా?"

"పగలు బయటికి రావు సార్," అని తొట్లమ్మాయి నోరు జారినట్టు అంది. అందరూ ఆమె వైపు తిరిగారు. "ఎండకి మొక్క మొదట్లో దాక్కుంటాయి. ఆకుల నడుమ, గుండె దగ్గర."

"నువ్వే చూడు," అన్నాడు గడియారం గారు.

ఆమె పదో తొట్టి అంచు మీద మోకాలు ఆన్చి, ఒక మొక్కను రెండు చేతుల్లోకి తీసుకుంది. పాప జడ పాయలు విడదీసినంత మెల్లగా ఆకుల్ని విడదీసింది. నడిమధ్యన, చుట్టుకుని ఉన్న లేత ఆకు కింద, బూడిదరంగు గింజ ఒకటి కదిలింది. దాని పక్కన ఇంకోటి. మూడోది ఆమె వేలిమీదికి పాకి, గోరు దాకా వచ్చి ఆగింది.

"బతికే ఉన్నాయి మేడమ్," అంది.

పదకొండులో చూసింది. ఉన్నాయి. పన్నెండులో చూసింది. ఉన్నాయి. సైంటిస్టు మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"పాపని ఎక్కడ పడుకోబెట్టావు?" అన్నాడు గడియారం గారు.

పదకొండో తొట్టి పక్కన నేల చూపించింది. తొట్టి గట్టు మీద కాయిల్ పెట్టిన చోట పొగచూరి నల్లగా చార ఉంది. ఆయన ఆ చారను వేలితో రుద్ది, ఆ వేలిని విజిలెన్సు సారు ముందు పెట్టాడు.

"పొగే చంపితే ముందు పదకొండో తొట్టి చావాలి. ఆ మూల ఉన్న ఒకటో నంబరు తొట్టి చచ్చింది, పొగ పక్కనున్నది పిల్లా పాపలతో కులాసాగా ఉంది. మీ కవర్లో కాయిల్ తిరిగి ఇచ్చేయండి, ఇంట్లో దోమలకైనా పనికొస్తుంది."

విజిలెన్సు సారు మొహం గంటుపెట్టుకున్నాడు. "కాయిల్ కాకపోతే ఇంకోటి. చేతులు ఆమెవే కదా."

"చచ్చిన తొమ్మిదికీ, బతికిన మూడింటికీ తేడా ఏంటమ్మా?" అన్నాడు గడియారం గారు.

"పైపు సార్. నీళ్ల డ్రమ్ము నుంచి వచ్చే పైపు తొమ్మిది దాకానే ఉంది. అవతల విరిగిపోయింది. ఈ మూడూ నేనే పంపు కింద బకెట్లతో నింపుతాను. నిన్న రెండున్నరకి నింపాను."

"అయితే చావు నీళ్లలో వచ్చింది," అన్నాడు గడియారం గారు. "డ్రమ్ము ఎవరు చూస్తారు?"

* * *

పంపు బాబాయి వచ్చాడు. అరవై దాటిన మనిషి. డ్రమ్ము నింపడం, మోటారు వేయడం, ఆపడం, ఆ మోటారును తిట్టడం ఆయన ఉద్యోగం.

"నిన్న డ్రమ్ములో ఏం కలిపావు బాబాయ్?"

"వారం వారం కలిపేదే బాబూ. సోమవారం కదా, నాలుగింటికి ఒక లీటరు పురుగుల మందు కలిపాను. నాలుగున్నరకి తొట్లకి వదిలాను."

విజిలెన్సు సారు చెయ్యి చటుక్కున పెన్ను మీదికి పోయింది. "పురుగులు పెంచే చోట పురుగుల మందా? అదీ ఒప్పుకోలు అంటే. రాసుకోండి, నాలుగింటికి."

పంపు బాబాయి, తొట్లమ్మాయి మొహాలు చూసుకున్నారు. మేడమ్‌కి ఆ పరిస్థితిలోనూ నవ్వు ఆగలేదు. "కాదండీ, అది మా ఇంటి మాట. మొక్కలకి వేసే టానిక్కు. దాంతో ఆకులు మెత్తగా వస్తే పురుగులు బాగా తింటాయి. మొదటిసారి కలిపిన రోజు, ఇది మన పురుగులకి మందు అన్నాను నేను. అదే పేరుగా నిలిచిపోయింది. మనిషి తాగినా ఏం కాదు దాంతో."

"క్యాను ఉందా?" అని మాత్రం అన్నాడు గడియారం గారు. ఆయన నవ్వలేదు.

స్టోరు గదిలో కిటికీ పక్కన మూడు నీలం క్యాన్లు. నిన్న పొద్దున పదింటికి హెడ్డాఫీసు బండిలో వచ్చాయి. రెండింటికి మూత సీలు ఉంది. ఒకటి విప్పి ఉంది. లేబుల్ గోడవైపు తిరిగి ఉంటే ఆయన క్యాన్ని తన వైపు తిప్పుకున్నాడు. లేబుల్ నిండా ఇంగ్లీషు. మధ్యలో పెద్ద పురుగు బొమ్మ. కింద మూలన ఎర్రటి గుర్తు.

"కలిపేటప్పుడు తేడా తెలియలేదా బాబాయ్?"

"తెలియకేం. పాతది టీ డికాషన్‌లా ఉండేది. ఇది పాలలా తెల్లగా ఉంది, వాసన కూడా ఘాటు. కొత్త కంపెనీ కాబోలనుకున్నా. బొమ్మ మీద పురుగుంది కదా బాబూ. మన పురుగే అనుకున్నా."

గడియారం గారు లేబుల్ చదివి, క్యాన్ని మేడమ్ వైపు తిప్పాడు. చదువుతున్న కొద్దీ ఆవిడ రంగు మారింది. "పురుగుల మందు," అంది. "లోకమంతా అనే పురుగుల మందు. చంపేది."

"హెడ్డాఫీసుకి ఏం కావాలని రాశారు?"

అప్పుడు తొట్లమ్మాయికి అర్థమైంది. బీరువాలోంచి చీటీల పుస్తకం తనే తీసింది, పేజీ తనే తిప్పింది. కార్బన్ కాపీలో గుండ్రటి అక్షరాలు, ఒక్కోటీ చేతులు కట్టుకుని కూర్చున్నట్టు విడివిడిగా: పురుగుల మందు, మూడు క్యాన్లు, అర్జెంటు.

"రాసింది నేనే సార్. స్టోరుకీపరు సెలవులో ఉన్నాడు. మేడమ్ చెరువు మీద ఉన్నారు. నెలాఖరులోగా ఖర్చు చేయకపోతే నిధులు వెనక్కి పోతాయి, ఏం కావాలో గంటలో రాసి పంపండి అని హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. మేం ఏమంటామో అదే రాశాను."

హెడ్డాఫీసు వాళ్లు చీటీలో ఉన్నదే కొన్నారు. చీటీ ఎక్కడి నుంచి వచ్చిందో చూసే తీరిక వాళ్లకీ లేదు.

"అంటే ఎవరూ అమ్ముడుపోలేదా?" అన్నాడు విజిలెన్సు సారు. చేతిలో కాగితం బరువెక్కినట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ పేరు పెట్టింది నేను," అంది మేడమ్. "కమిటీకి అదే చెప్తాను. అమ్మాయి తప్పు లేదు."

కానీ గడియారం గారు చీటీ వైపు చూడటం లేదు. విప్పిన క్యాన్ని ఎత్తి ఊపి, వెలుతురుకి ఎదురుగా పెట్టి గీతలు లెక్కపెడుతున్నాడు.

"ఐదు లీటర్ల క్యాను. డ్రమ్ములోకి ఒకటి. ఉన్నవి రెండు. ఇంకో రెండు లీటర్లు ఎక్కడ?"

పంపు బాబాయి చెవి వెనక గోక్కున్నాడు. "అదీ... మొక్కలు ఏపుగా వస్తాయని కొత్త క్యాను విప్పినప్పుడల్లా తలో అర లీటరు ఇళ్లకి పట్టుకెళ్తాం బాబూ. నేనొకటి, ఊడ్చే అమ్మొకటి..."

తొట్లమ్మాయి బీరువా పట్టుకుంది. "నేనొకటి," అంది. "జ్యూస్ సీసాలో. పెద్దమ్మ కుండీల్లో ఆకుకూరలు వేసుకుంటుంది. ఇవాళ పొద్దున ఆరూ ఇరవైకి ఇచ్చాను. పాపతో పాటు."

* * *

పెద్దమ్మ ఫోను ఎత్తలేదు. మళ్లీ చేస్తే మళ్లీ ఎత్తలేదు. ఆటో కోసం ఆమె గేటు వైపు పరిగెడుతుంటే విజిలెన్సు సారు జీపు అడ్డంగా వచ్చి ఆగింది.

"ఎక్కమ్మా. ఎటో చెప్పు," అన్నాడాయన, స్టీరింగు దగ్గర తనే కూర్చుని.

పదకొండూ ముప్పై ఐదుకి బయల్దేరారు. వెనక సీట్లో గడియారం గారు, జీవితంలో మొదటిసారేమో, గడియారం చూసుకోలేదు. ఆమె దారంతా తన రెండు చేతుల్ని ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూస్తూ కూర్చుంది. సీసా మీద కమలాపండు బొమ్మ ఉంది. పాపకి ఆ బొమ్మంటే ఇష్టం. చూసినప్పుడల్లా చేయి చాచేది.

ఇంటి తలుపు లోపల గడియ వేసి ఉంది. ఆమె రెండు అరచేతులతో బాదింది. జవాబు లేదు. మళ్లీ బాదింది. అప్పుడు లోపల్నుంచి ఒక ఏడుపు వినబడింది. మొండిగా, గొంతు చించుకుని, నెత్తిమీద నీళ్లు పోసినందుకు లోకం మీద ఫిర్యాదు చేస్తున్న ఏడుపు.

ఏడుస్తోంది. ఏడుస్తోంది కాబట్టి బాగానే ఉంది. ఆమె గుమ్మం మీదే కూలబడిపోయింది.

తలుపు తీసిన పెద్దమ్మ చేతుల నిండా సబ్బునురగ, చంకలో తడి పాప. "ఏంటే ఆ బాదుడు? పిల్లకి నీళ్లు పోస్తూ ఫోనెలా ఎత్తను? ఈ మగాళ్లెవరు?"

"సీసా పెద్దమ్మా. పొద్దున ఇచ్చిన సీసా."

"బీరువా మీదుంది. పాపకి అందనీకు, అందనీకు అని గుమ్మం దాటేలోపు పదిసార్లు చెప్పావు. నీ నస పడలేక అక్కడ పెట్టా. సాయంత్రం మొక్కలకి పోద్దామనుకున్నా. మూత కూడా తియ్యలేదు."

గడియారం గారు కుర్చీ ఎక్కి సీసా దించాడు. మూత సీలు కట్టినట్టే బిగించి ఉంది. "బిగించింది నువ్వేనా?"

"మూడుసార్లు చూసుకున్నాను సార్. మా ఆయన నవ్వేది దీనికే," అంది పాప తడి నెత్తిలో మొహం దాచుకుని.

"మీ ఆయనకి చెప్పు. ఇకమీదట నవ్వొద్దని."

విజిలెన్సు సారు గుమ్మం బయటికి వెళ్లి, జేబులోంచి ఆ టైపు కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. అప్పుడే ఆయన ఫోను మోగింది. విన్నాడు. "వాచ్‌మన్‌ని అడగండి," అన్నాడు. ఇంకాసేపు విన్నాడు. లోపలికి వచ్చినప్పుడు గొంతు తగ్గింది.

"బాబాయి సీసా, ఊడ్చే అమ్మ సీసా దొరికాయి. వాళ్లు ఇంకా వాడలేదు. ఇది మూడోది."

"లీటరున్నర," అన్నాడు గడియారం గారు. "నాలుగోది?"

"వాచ్‌మన్ నింపుకున్నాడు. తనకి మొక్కలు లేవట. నిన్న సాయంత్రం ఐదూ పదికి ఎవరో పెద్దావిడ గేటు దగ్గర ఆగిందట. నెలకోసారి అలా వచ్చి ఇంత టానిక్కు అడిగి పట్టుకెళ్తుందట. ఒక్కదాన్నే కదా బాబూ, ఒక కుండీ పుదీనా చాలు నాకు అందట. అదీ జ్యూస్ సీసానే. పేరు తెలీదు, ఇల్లు తెలీదు. చూపు సరిగా ఆనదట."

పాప కమలాపండు బొమ్మ వైపు చేయి చాచింది. తొట్లమ్మాయి ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది.

* * *

ఒంటిగంటకి మేడమ్ గదిలో నోటీసు తయారైంది. 'రసాయన ద్రావణం పొరపాటున పంపిణీ అయినందున సంబంధితులు సంప్రదించవలసినదిగా' అని మొదలైంది.

"కమిటీ వచ్చేది మూడింటికి," అన్నాడు విజిలెన్సు సారు. "ఇది గేటుకి అంటిస్తే వాళ్లు ముందు చదివేది ఇదే. నిధులు అక్కడే ఆగిపోవచ్చు. ఆలోచించుకోండి మేడమ్."

"ఆలోచించాను. పదో తొట్టి బతికుంది. దాంతో మళ్లీ మొదలెట్టగలను. ఆవిడ విషయంలో అలా కుదరదు."

తొట్లమ్మాయి పాపని ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుంది. నోటీసు మీద వేలు పెట్టి చదివింది, మొదటి వరుస దాటలేదు. "ఇలా రాస్తే ఎవరికీ తెలీదు మేడమ్. నాకే తెలియలేదు. నేను రాస్తాను."

పాపని తోడొచ్చిన పెద్దమ్మకిచ్చి, అట్ట ముక్క మీద లావు పెన్నుతో రాసింది. 'మందు' అని రాయబోయి, 'మం' దగ్గరే ఆగి, ఆ అక్షరాన్ని కొట్టేసి, మళ్లీ రాసింది. గుండ్రటి అక్షరాలు, విడివిడిగా, దూరం నుంచి కూడా కనబడేలా. గడియారం గారు దానికి నకళ్లు తీయించి వీధి వీధికీ పంపించాడు. అందులో ఉన్నది ఇంతే:

"సోమవారం సాయంత్రం ఐదూ పదికి పురుగుల కేంద్రం గేటు దగ్గర ఒక పెద్దావిడకి జ్యూస్ సీసా ఇచ్చాం. మొక్కలకి మంచిదని చెప్పాం. అది విషం. పాలలా తెల్లగా ఉంటుంది. తాగకూడదు, కుండీలో పోయకూడదు, పోసిన కుండీలో ఆకు తినకూడదు. ఆవిడకి లావు కళ్లద్దాలు, చేతిలో గళ్ల సంచి. పేరు మాకు తెలీదు. ఒక్కరే ఉంటారు. చూపు తక్కువ, ఈ కాగితం ఆవిడ చదవలేరు. అందుకే మీకు రాస్తున్నాను. చదివినవాళ్లు చదివి వెళ్లిపోకండి. మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దావిడ ఎవరైనా ఉంటే ఇప్పుడే వెళ్లి తలుపు తట్టండి. పలికేదాకా తట్టండి."